మంట పాడుతుంది: పొర లేని లౌడ్‌స్పీకర్ కథ

ఉరుము వినిపించడానికి ఆకాశంలో ఏ తీగా మోగదు, ఏ పొరా కంపించదు. మెరుపు దారిలో ఉన్న గాలి రెప్పపాటు కన్నా ఎంతో తక్కువ సమయంలో దాదాపు 30,000 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. ఆ తోపుడే మనకు వినిపించే ఉరుము. మరి ఆ వేడిని పాటకు తగ్గట్టు పెంచుతూ తగ్గిస్తూ పోతే?

మామూలు స్పీకర్‌లో విద్యుత్ సంకేతం తీగచుట్టను కదిలిస్తుంది. దానికి అతికించిన కాగితపు శంకువు గాలిని నెడుతుంది. చిక్కంతా ఆ శంకువు బరువుతోనే. సెకనుకు 15,000 సార్లు ముందుకీ వెనక్కీ కదలమంటే ఎంత తేలికపాటి పొరైనా కొంత తడబడుతుంది. అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడివడిన వేడి వాయువునే ప్లాస్మా అంటారు. అందులో విద్యుత్తు నేరుగా ప్రవహిస్తుంది. ప్రవాహం పెరిగితే వాయువు వ్యాకోచిస్తుంది, తగ్గితే సంకోచిస్తుంది. అంటే ఇక్కడ గాలే పొర.

19వ శతాబ్దం చివర్లో వీధులను వెలిగించిన కార్బన్ ఆర్క్ దీపాలు బుసకొట్టేవి, గుయ్యిమనేవి. 1899లో బ్రిటిష్ ఇంజనీర్ విలియం డడెల్ ఆ రొదను స్వరంగా మార్చాడు. ఆర్క్‌కు ఒక తీగచుట్టనూ కెపాసిటర్‌నూ జోడిస్తే అది ఒకే శ్రుతిలో మోగింది. వాటి విలువలు మారిస్తే శ్రుతీ మారింది. ఆయన దానికి మీటల పలకను అమర్చి రాగాలు పలికించాడు.

మంటలోనూ కొద్దిగా ఆవేశిత కణాలుంటాయి. అధిక వోల్టేజీ ఉన్న రెండు పలకల మధ్య కొవ్వొత్తి పెడితే మంట ఒక పక్కకు వాలడానికి కారణం అవే. కానీ పాట వినిపించడానికి అవి చాలవు. 1967లో కాలిఫోర్నియా పరిశోధకులు బాబ్‌కాక్, బేకర్, కటానియో ఆక్సీ-ఎసిటిలీన్ మంటలోకి పొటాషియం లవణాన్ని పంపారు. పొటాషియం సులువుగా ఎలక్ట్రాన్‌ను వదిలేస్తుంది, దాంతో మంట మంచి విద్యుత్ వాహకమైంది. అందులో రెండు ఎలక్ట్రోడ్లు ఉంచి ఆంప్లిఫయర్ సంకేతాన్ని కలిపితే మంటే స్పీకరై పాడింది. వెల్డింగ్ దుకాణంలో రోజూ కనిపించే మంటే అది!

ఇంత బాగుంటే ఇళ్లలో ఎందుకు లేదు? మొదటి అడ్డంకి మంద్రస్వరాలు. అంతే బిగ్గరగా వినిపిస్తూ ఒక స్థాయి కిందికి దిగాలంటే నాలుగింతల గాలిని కదిలించాలి. బఠాణీ గింజంత ప్లాస్మాకు అది సాధ్యం కాదు. రెండోది ఇంకా గట్టిది. గాలిలోని ఆక్సిజన్ విడిపోయి ఓజోన్ అవుతుంది. జిరాక్స్ యంత్రం దగ్గర ఒక్కోసారి వచ్చే ఘాటు వాసన దానిదే. మూసిన గదిలో గంటల తరబడి పీల్చితే ఊపిరితిత్తులకు హాని.

అమెరికాలో అలన్ హిల్ 1970ల చివర్లో దీనికి విరుగుడు కనిపెట్టాడు. గాలికి బదులు, దేనితోనూ చర్య జరపని హీలియంలో ప్లాస్మాను వెలిగించాడు. ఓజోన్ బెడద తీరింది. అయితే పాటలు వినాలంటే వంటింటి గ్యాస్ బండలాగా హీలియం సిలిండర్‌నూ మార్చుకుంటూ ఉండాలి! తర్వాత వచ్చిన ప్లాస్మా స్పీకర్లు ఎక్కువగా తారస్వరాలు పలికే ట్వీటర్లే. వాటి పక్కన మంద్రం కోసం పాత కాగితపు శంకువు ఉండాల్సిందే.