స్కానింగులో కనపడని జబ్బు

"స్కానింగు తీయిస్తే మెదడులో ఏమీ లేదన్నారు. ఇంక వాడికి జబ్బేమిటి? ఒళ్ళు బద్ధకం!" - పల్లెల్లో తరచు వినపడే మాట ఇది. నిద్ర పట్టక, అన్నం సయించక, పొలానికి కాలు కదలక మంచం పట్టిన మనిషిని ఇంటివాళ్ళే సోమరి అని దెప్పుతారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారూ ఉన్నారు.

స్కానింగులో ఏమీ లేకపోవడం నిజమే కావచ్చు. జబ్బు కూడా నిజమే. వైద్యులు దీనిని మానసిక కుంగుబాటు, డిప్రెషన్ అంటారు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జరిపిన సర్వే ప్రకారం పెద్దవారిలో సుమారు 20 మందికి ఒకరు ఎప్పుడో ఒకప్పుడు దీని వాత పడినవారే.

కట్ట బాగున్నా నీరందదు

కాలువ కట్టకు గండి ఉండదు. తూములు సవ్యంగానే ఉంటాయి. అయినా ఒక బోదెలో నీరు పొర్లి పారుతూ, చివరి చేలు ఎండుతుంటాయి. లోపం కట్టది కాదు, పంపకానిది. మామూలు స్కానింగు కట్టను చూసిపోయే మనిషి వంటిది. గడ్డలను, దెబ్బలను చూపుతుంది. మెదడులోని భాగాలు ఒకదానితో ఒకటి ఎలా కలిసి పనిచేస్తున్నాయో చూపదు.

దానిని పరిశీలించే దారి 1990లో దొరికింది. అమెరికాలో పనిచేస్తున్న జపాను శాస్త్రజ్ఞుడు సేజి ఒగావా, రక్తంలోని ప్రాణవాయువు హెచ్చుతగ్గులను ఎం.ఆర్.ఐ. యంత్రంతో పట్టవచ్చని చూపారు. మెదడులో ఏ భాగం పనిలో ఉందో వాటిని బట్టి తెలుస్తుంది. రెండు భాగాలలో ఆ హెచ్చుతగ్గులు ఒకే తీరున సాగితే వాటికి జత ఉన్నట్లు లెక్క.

మనిషి ఊరికే కూర్చున్నా మెదడు ఊరుకోదు. తన గురించి, గతం గురించి తలపోసే భాగాలు అప్పుడే చురుకుగా ఉంటాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్కస్ రైకిల్ బృందం 2001లో ఈ సంగతి వివరించింది. కుంగుబాటు రోగులలో, దిగులుకు సంబంధించిన మరో భాగం ఈ గుంపుతో మామూలు కంటె గట్టిగా జతకట్టిందని 2007లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు గమనించారు. జబ్బు ఎక్కువ కాలంగా ఉన్నవారిలో ఆ బిగువూ ఎక్కువే. గానుగెద్దులా ఒకే ఆలోచన చుట్టూ తిరిగే మనసుకు ఇదొక కారణం కావచ్చునని శాస్త్రజ్ఞుల ఊహ.

ఏది ముఖ్యమో ఎంచి చూసే భాగాల గుంపు మరొకటి ఉంది. చాలామంది రోగులలో అది దాదాపు రెండింతల చోటు ఆక్రమించి ఉందని 2024లో న్యూయార్క్ పరిశోధకులు ప్రకటించారు. మనసు కుదుటపడినా ఆ తేడా పోలేదు. కోరి తెచ్చుకున్న బద్ధకం కాదనడానికి ఇంతకంటె ఏం కావాలి?

డబ్బు స్కానింగుకు వద్దు

అలాగని ఈ పరీక్షతో ఒక మనిషికి కుంగుబాటు ఉందో లేదో తేల్చలేరు. చైనాలో 1300 మంది రోగులను, 1128 మంది ఆరోగ్యవంతులను పోల్చి 2019లో ఫలితాలు వెల్లడించారు. జబ్బు తిరగబెట్టినవారిలో తలపోతల గుంపులోని జత బిగువు తగ్గినట్లు అందులో తేలింది. మందుల ప్రభావం కూడా ఉండవచ్చునన్నారు. లెక్కలు ఇంకా ఒక కొలిక్కి రాలేదు. తలకు దెబ్బ, ఫిట్లు వంటివి ఉండి డాక్టరు రాస్తే తప్ప, దిగులుకు స్కానింగు చేయించి అప్పుల పాలు కానక్కరలేదు.

ఈ జబ్బును డాక్టరు మాటల ద్వారానే గుర్తిస్తారు. రెండు వారాలకు మించి దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రాహారాలు తప్పడం, బతుకు మీద విరక్తి ఉంటే చూపించాలి. మాత్రల గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి "పనిచేయలేదు" అని మానరాదు. నయమయ్యాక కూడా కనీసం ఆరు నెలలు డాక్టరు చెప్పినట్లు వాడాలి.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరుపై రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. చనిపోతానన్న మాట ఎవరి నోట వచ్చినా తేలికగా తీసుకోరాదు. మనిషిని ఒంటరిగా వదలరాదు. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాను ముందు అక్కడినుంచి తీసివేయాలి.