గోళముపై దారము

తలుపులలోనున్న తండ్రి యొకడు, అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోనుండి వచ్చు కుమారుని కొరకు ఎదురు చూచుచున్నాడనుకొనుడు. చలికాలమున ఒక శనివారము రాత్రి 8.30 గంటలకు అచ్చట విమానము బయలుదేరును. 17 గంటలలో బెంగళూరు చేరును. తండ్రి వ్రేళ్లపై లెక్కించి, ఆదివారము మధ్యాహ్నము 1.30 గంటలకు దేవనహళ్లి విమానాశ్రయమున నిలిచెను. కుమారుడు కానరాలేదు. లెక్కలో తప్పెక్కడ నున్నది?

ఇట్టి ప్రయాణము నిజముగా జరిగినదే. 2021 జనవరి 9వ తేదీ రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కో విడిచిన ఎయిర్ ఇండియా విమానము, ఉత్తరధ్రువము మీదుగా సుమారు 17 గంటలు ఎచ్చటను ఆగక పయనించి, 11వ తేదీ తెల్లవారుజామున బెంగళూరున దిగెను. దానిని నడిపినవారందరును స్త్రీలే. జోయా అగర్వాల్ వారికి నాయకురాలు.

"ధ్రువము మీదుగా పోవుట చుట్టుదారి కాదా?" అని మీరడుగవచ్చును. కాదు. పటము బల్లపరుపు, భూమి గుండ్రము. ఈ రెండు నగరముల రేఖాంశముల నడుమ సుమారు 160 డిగ్రీల వ్యత్యాసము కలదు. అనగా ఒకటి భూమికి ఈ ప్రక్కనున్న, రెండవది దాదాపు ఆ ప్రక్కనున్నది. గోళముపై వాని నడుమ ఒక దారమును బిగించి చూడుడు. గోళము లేనిచో చీనీకాయ చాలును. దారము తనంతట తానే ఉత్తరమునకు జరిగి, ధ్రువమునకు చేరువగా పోవును. ఆ దూరము సుమారు 14,000 కిలోమీటర్లు. పటముపై గీచిన తిన్నని గీతవెంట పోయినచో మరి రెండువేల కిలోమీటర్లకు పైగా తిరుగవలసియుండును.

దూరము తెలిసినంతమాత్రమున కాలము తెలియదు. సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున పడమటినుండి తూర్పునకు బలమైన గాలులు వీచుచుండును. గంటకు 900 కిలోమీటర్లు పోవు విమానమునకు 100 కిలోమీటర్ల వేగము గల గాలి ఎదురైన, వేగము 800కు తగ్గును. అదే గాలి వెనుకనుండి వీచిన 1,000కి పెరుగును. కావున పోవుటకును వచ్చుటకును పట్టు కాలము సమానముగా నుండదు.

ఇక గడియారము సంగతి. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుచున్నది. గ్రీనిచ్ కాలముకంటె మన కాలము ఐదున్నర గంటలు ముందు. చలికాలమున శాన్‌ఫ్రాన్సిస్కో కాలము ఎనిమిది గంటలు వెనుక. రెండును కూడిన పదమూడున్నర గంటలు. వేసవిలో అచ్చటివారు గడియారమును ఒక గంట ముందునకు త్రిప్పుదురు గనుక, అప్పుడది పన్నెండున్నర.

అచ్చట శనివారము రాత్రి 8.30 అయినప్పుడు, తలుపులలో ఆదివారము ఉదయము 10 గంటలు. దానికి 17 గంటలు కూడిన, సోమవారము తెల్లవారుజామున 3 గంటలగును. తండ్రి ఈ లెక్క నెరిగియున్నచో, ఆదివారము రాత్రి భోజనము చేసి, కదిరి మీదుగా బయలుదేరినను వేళకు చేరియుండును. బాలబాలికలారా! మీ యింటివారికి ఇట్టి అవసరము కలిగినప్పుడు, ఈ లెక్క చేసి చెప్పవలసినవారు మీరే.