ఖనిజ తలాలపై సేంద్రియ ఆమ్లాల అధిశోషణము

నీటిలో కరిగియున్న సేంద్రియ ఆమ్లాల అణువులు ఖనిజపు ఉపరితలమునకు అంటుకొని నిలుచుటను అధిశోషణము అందురు. పదార్థము లోపలికి ఇంకినచో అది శోషణము. పైతలము మీదనే నిలిచినచో అధిశోషణము. నేలలోని భాస్వరము పైరుకు అందుట కొంతవరకు ఈ ప్రక్రియపై ఆధారపడి ఉండును.

ఉపరితల ఆవేశము

ఇనుము, అల్యూమినియం ఆక్సైడుల ఉపరితలము నీటిలో హైడ్రాక్సిల్ సమూహాలతో కప్పబడి ఉండును. ఈ సమూహాలు ఆమ్లయుత జలములో ప్రోటాన్లను గ్రహించి ధనావేశమును, క్షారయుత జలములో ప్రోటాన్లను కోల్పోయి ఋణావేశమును పొందును. ఈ రెండు ఆవేశాలు సమానమగు పీహెచ్ విలువయే శూన్యావేశ బిందువు. గోథైటు అను ఇనుప ఖనిజమునకు ఇది సుమారు 7.5 నుండి 9.5 వరకు, సిలికాకు సుమారు 2 నుండి 3 వరకు ఉండును. కావున పీహెచ్ 5 గల నీటిలో గోథైటు ధనావేశముతోను, సిలికా ఋణావేశముతోను ఉండును.

ఆమ్లము యొక్క ఆవేశము

సేంద్రియ ఆమ్లములోని కార్బాక్సిల్ సమూహము ప్రోటానును విడిచినపుడు ఋణావేశము పొందును. సగము అణువులు ఇట్లు విడిచిన స్థితిలో ఉండు పీహెచ్ విలువను పీకేఏ అందురు. ఎసిటిక్ ఆమ్లమునకు ఇది 4.76. పీహెచ్ మిక్కిలి తగ్గినచో ఆమ్లమునకు ఆవేశము ఉండదు. మిక్కిలి పెరిగినచో ఖనిజము కూడ ఋణావేశము పొంది ఆమ్లమును వికర్షించును. అందువలన ఇనుప ఆక్సైడులపై అధిశోషణము సాధారణంగా ఆమ్లయుత జలములోనే అధికము.

బంధములలో రకములు

కొన్ని అణువులు మధ్యన నీటి అణువులు ఉండగా, కేవలము విద్యుదాకర్షణచే తలము వద్ద నిలుచును. ఈ బంధము బలహీనము. నీటిలో లవణము పెరిగినచో సడలును. మరికొన్ని తలముపైనున్న హైడ్రాక్సిల్ సమూహమును తొలగించి, ఆ స్థానములో లోహ పరమాణువుతో నేరుగా బంధమేర్పరచుకొనును. దీనిని లైగాండ్ వినిమయము అందురు. ఒకటికి మించి కార్బాక్సిల్ సమూహాలు గల ఆక్జాలిక్, సిట్రిక్ ఆమ్లాలు ఇట్లు గట్టిగా అంటుకొనగలవు.

వ్యవసాయములో ప్రాముఖ్యత

ఎర్ర నేలలకు రంగునిచ్చునవి ఇనుప ఆక్సైడులే. ఎరువులోని ఫాస్ఫేటు కూడ లైగాండ్ వినిమయముచే వీటిని అంటుకొనును. అందుచే నేలలో భాస్వరమున్నను పైరుకు పూర్తిగా అందదు. వేళ్ళు స్రవించు సిట్రిక్ వంటి ఆమ్లాలు అవే స్థానములకై పోటీపడి ఫాస్ఫేటును కొంత విడిపించును. ఇనుమును బంధించి ఖనిజమును కొంత కరిగించును. కంది వేళ్ళు స్రవించు పిసిడిక్ ఆమ్లము ఇట్లే ఇనుమును బంధించి, దానితో కూడియున్న ఫాస్ఫేటును మొక్కకు అందించునని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 1990లో సైన్స్ పత్రికలో ప్రకటించిరి. ఇతర పైర్లకు అందని భాస్వరమును ఎర్ర నేలలలో కంది గ్రహించగలుగుటకు ఇది ఒక కారణము.