ఇరుసుపై ఉంగరము

నాగోల్ మెట్రో స్టేషనులో రైలు ఆగినపుడు ప్లాట్‌ఫారముపై నిలిచినవారికి పెట్టెలును తలుపులును కనబడునే కాని చక్రములు కనబడవు. 2017 నవంబరు 29వ తేదీన ఈ మార్గము ప్రయాణికులకు తెరువబడిననాటినుండి, రోజంతయు ఇక్కడ రైళ్లు బయలుదేరుచున్నవి, తిరిగి వచ్చుచున్నవి. పెట్టె ఒక్కొక్కదాని క్రింద నాలుగు ఇరుసులు, ఇరుసు ఒక్కొక్కదానికి రెండు చక్రములు. రైలు చక్రము ఇరుసుపై వదులుగా తిరుగునది కాదు. రెండును కలిసియే తిరుగును. అయినను ఆ చక్రమును ఇరుసునకు పట్టి ఉంచుటకు మేకు లేదు, మరమేకు లేదు, అతుకు లేదు. చక్రము నడుమ గుండ్రని రంధ్రము, దానిలో గుండ్రని ఇరుసు. అంతే. మరి రైలు వంపు తిరుగునపుడు చక్రము ప్రక్కకు ఏల జారిపోదు? బ్రేకు పడినపుడు ఇరుసు ఒక దారిని, చక్రము ఒక దారిని ఏల పోవు?

ఈ ప్రశ్న రైలుకు మాత్రమే సంబంధించినది కాదు. తిరుగు కడ్డీ ఉన్న ప్రతి యంత్రములోను, ఆ కడ్డీపై ఏదో ఒక లోహపు ఉంగరమును కదలకుండ నిలుపవలసిన పని ఉండును. ఆ కడ్డీని షాఫ్టు అనియు, ఉంగరమును కాలరు అనియు వర్క్‌షాపులలో వ్యవహరింతురు. కాలరు చేయు పని చిన్నదిగనే తోచును. షాఫ్టు తన చోటినుండి ప్రక్కకు జరుగకుండ ఆపుట, కప్పీయో బేరింగో ఉన్నచోటనే ఉండునట్లు చూచుట. ఎడ్లబండి ఇరుసు కొనయందు కొట్టెడు కడచీల చేయు పనియు ఇదే. కడచీల ఊడినచో చక్రము ఊడును.

ఉంగరమును బిగించుటకు అన్నిటికంటె సులభమైన ఉపాయము, దాని ప్రక్కగా ఒక రంధ్రము తొలిచి, మరలు కోసి, చిన్న మరమేకును షాఫ్టు తగులువరకు త్రిప్పుట. దీనిని గ్రబ్ స్క్రూ అందురు. నాగోలునకు ప్రక్కనే ఉన్న ఉప్పల్ పారిశ్రామికవాడవంటి చోట్ల ఏ లేతు పనివానిని అడిగినను డబ్బీలోనుండి తీసి చూపగలడు. స్క్రూ షాఫ్టును ఒక వైపునకు నెట్టును. అందుచేత ఉంగరపు ఎదుటి అంచు షాఫ్టునకు గట్టిగా ఒరసికొనును. పట్టు ఈ రెండు చోట్లనే ఉండును. తక్కిన చుట్టుకొలత అంతయు ఊరకనే ఉన్నదని చెప్పవచ్చును.

పట్టు చాలకున్నచో రెండవ స్క్రూ వేయుదురు. దానిని మొదటిదానికి సరిగా ఎదురుగా వేసినచో లాభము తక్కువ. రెండు స్క్రూలును ఒకదానినొకటి నెట్టుకొనును, ఉంగరపు లోపలి గోడ షాఫ్టుకు ఒరయదు. అందుచేత రెండింటి నడుమ 90 డిగ్రీలు ఉండునట్లు వేయుట ఆచారము. అపుడు షాఫ్టు రెండు స్క్రూలకును ఎదుటి గోడకును నడుమ చిక్కి, మూడు చోట్ల పట్టుబడును. బలములను కూడుట నేర్చిన విద్యార్థి ఒక బొమ్మ గీచినచో దీనిని తానే తెలిసికొనగలడు. స్క్రూతో ఉన్న చిక్కు మరియొకటి. దాని మొన షాఫ్టులోనికి కొంచెము దిగి, చుట్టును లోహము పొక్కును. తరువాత ఉంగరమును తీయబోయినచో ఆ పొక్కు అడ్డుపడి రాదు. తెలిసిన పనివారు ముందుగనే అచ్చోట ఆకురాయితో షాఫ్టును కొంచెము చదును చేసి, స్క్రూను ఆ చదునుపై నిలుపుదురు.

ఈ చిన్న స్క్రూ వెనుక ఒక దారుణమైన చరిత్ర కలదు. పూర్వము కర్మాగారములలో యంత్రమునకొక మోటారు ఉండెడిది కాదు. ఒక్క ఇంజను, కప్పు క్రింద పొడుగున ఒక్క లైను షాఫ్టు, దానినుండి బెల్టులతో యంత్రములన్నిటికిని శక్తి. మన ఆంధ్రదేశపు బియ్యపు మిల్లులలోను ఇట్టి ఏర్పాటే చిరకాలము ఉండెడిది. ఆ షాఫ్టులపై ఉన్న కాలర్లకు నాలుగు పలకల తల గల స్క్రూలు వేసెడివారు. ఆ తల ఉంగరముపై పొడుచుకొని వచ్చి, షాఫ్టుతోపాటు తిరుగుచుండెడిది. వేగముగా తిరుగునపుడు అది కంటికి కనబడదు. షాఫ్టు నున్నగనే ఉన్నట్లు తోచును. దగ్గరకు పోయిన మనిషి చొక్కా అంచో, కండువా కొసో దానికి తగిలినచో, గుడ్డతోపాటు మనిషిని కూడ యంత్రములోనికి లాగివేయును. 1910, 1911 సంవత్సరములలో అమెరికాలో విలియం అలెన్, హోవర్డ్ హాలోవెల్ అను ఇరువురు వేరువేరుగా కృషిచేసి, తలయే లేని స్క్రూను వాడుకలోనికి తెచ్చిరి. దాని పైభాగమున ఆరు పలకల గుంట ఉండును. ఆరు పలకల కడ్డీని ఆ గుంటలో పెట్టి త్రిప్పినచో స్క్రూ ఉంగరములోనికి పూర్తిగా దిగిపోవును. హాలోవెల్ ఇట్టి కాలరుకు పేటెంటు పొందెను. అలెన్ పేరు మాత్రము మన పనివారి నోట ‘ఎలెన్ కీ’ రూపమున నేటికిని నిలిచియున్నది. మన దేశములో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 26వ సెక్షనులో, తిరుగు షాఫ్టుపై ఉన్న ప్రతి స్క్రూయు, బోల్టును, కీయును లోనికి దిగియో, కప్పబడియో ఉండవలెనని స్పష్టముగా వ్రాసిరి. చట్టము ఒక స్క్రూ తలను పేరుపెట్టి చెప్పినదనగా, అది ఎందరి ప్రాణముల మీదికి తెచ్చియుండునో ఊహించుకొనవచ్చును.

షాఫ్టుకు గాయము కాకుండ బిగించు పద్ధతియు ఒకటి కలదు. ఉంగరమును ఒకచోట చీల్చి, ఆ చీలికకు అడ్డముగా స్క్రూ వేసి బిగింతురు. ఉంగరము షాఫ్టు చుట్టును ముడుచుకొనును. పట్టు అన్ని వైపులను సమానముగా పంచుకొనబడును గనుక గ్రబ్ స్క్రూకంటె ఇది గట్టిది. విప్పి, మరియొక చోటికి జరిపి, తిరిగి బిగించుటకును వీలు. తరచు సరిచూచుకొనవలసిన యంత్రములకు ఇదియే తగినది.

ఇక స్క్రూ అసలే లేని పద్ధతి. మెట్రో చక్రము రహస్యము ఇందులోనే ఉన్నది. దీనిని మన పల్లెలలోని కమ్మరి ఏ ఇంజనీరింగు కళాశాలయు లేనినాడే ఎరుగును. బండిచక్రమునకు వేయు ఇనుపపట్టాను అతడు చక్రముకంటె కొంచెము చిన్నదిగా చేయును. పిడకల మంటలో దానిని ఎఱ్ఱగా కాల్చి, పట్టుకారులతో ఎత్తి కొయ్యచక్రముపై దించి, వెంటనే నీళ్లు కుమ్మరించును. 120 సెంటీమీటర్ల అడ్డుకొలత గల పట్టా 600 డిగ్రీలు వేడెక్కినచో దాని చుట్టుకొలత సుమారు 3 సెంటీమీటర్లు పెరుగును. చల్లారి ముడుచుకొనునపుడు అది ఆకులనన్నిటిని నడుమకు నొక్కి, చక్రమునంతటిని ఒక్కటిగా బిగించును.

ఇచ్చట విద్యార్థులు తరచు పొరబడెడి సంగతి ఒకటి కలదు. ఉంగరము వేడెక్కినపుడు లోహము అన్ని వైపులకును ఉబ్బును గదా, నడిమి రంధ్రము చిన్నది కావలదా యని అడుగుదురు. కాదు, పెద్దదగును. ఉంగరమును ఒకచోట త్రుంచి నిటారుగా చాచినట్లు భావింపుడు. వేడెక్కినచో ఆ కడ్డీ పొడుగు పెరుగును. దానిని మరల గుండ్రముగా వంచినచో లోపలి చుట్టుకొలతయు పెరిగియే ఉండును. పాఠశాలలోని గోళము, వలయము ప్రయోగములో సాధారణముగా గోళమునే కాల్చి చూపుదురు. కాలిన గోళము వలయములో దూరక నిలిచినపుడు, వలయమును కూడ కాల్చి చూపినచో ఈ సందేహము తీరును.

ఇప్పుడొక చిన్న లెక్క. 50 మిల్లీమీటర్ల షాఫ్టు ఉన్నదనుకొందము. దానిపై ఎక్కవలసిన ఉక్కు ఉంగరపు వెలుపలి అడ్డుకొలత 100, వెడల్పు 40 మిల్లీమీటర్లు. రంధ్రమును సరిగా 50కి కాక, 0.05 మిల్లీమీటరు తక్కువగా తొలిచితిమి. ఆ తేడా సన్నని తలవెంట్రుక మందము కలది. ఉక్కు ఒక డిగ్రీకి తన పొడుగులో సుమారు పదిలక్షలలో 12 వంతులు పెరుగును. కనుక ఉంగరము షాఫ్టుతో సమానము కావలెనన్నచో 83 డిగ్రీలు వేడెక్కవలెను. సమానమైనంతమాత్రమున ఎక్కదు. చేతికి అనువుగా జారుటకు మరియొక 0.05 సందు కావలెను. అనగా మొత్తము 167 డిగ్రీలు. గది వేడి 30 అయినచో ఉంగరమును దాదాపు 200 డిగ్రీల సెంటిగ్రేడుకు తేవలెను.

చల్లారిన తరువాత ఏమగును? ఉంగరము తన మొదటి కొలతకు రావలెనని చూచును, షాఫ్టు రానీయదు. ఉంగరము సాగియుండును, షాఫ్టు నొక్కుకొనియుండును. సాగదీసిన రబ్బరు బద్దవలె ఉక్కు కూడ తన స్థితిస్థాపకతచే నిరంతరము వెనుకకు లాగుచునేయుండును. లెక్కవేసినచో రెండింటి నడుమ చదరపు మిల్లీమీటరుకు సుమారు 75 న్యూటన్ల ఒత్తిడి ఏర్పడును. ఇది వాతావరణపు ఒత్తిడికి 700 రెట్లకు మించినది. ఒరసికొను తలము 6,300 చదరపు మిల్లీమీటర్లు గనుక మొత్తము నొక్కు బలము 4,70,000 న్యూటన్లు. ఘర్షణ గుణకమును 0.15గా తీసికొన్నను, ఈ ఉంగరమును షాఫ్టుపై జరుపవలెనన్నచో 70,000 న్యూటన్లు, అనగా 7 టన్నుల బరువంత బలము కావలెను. వెంట్రుకంత తేడా ఏడు టన్నులను ఆపుచున్నది!

అట్లయిన తేడాను ఇంకను పెంచినచో మరింత గట్టిగా పట్టునుగదా యని తోచును. ఆ ఆశకు హద్దు కలదు. పై ఉదాహరణలో ఉంగరపు లోపలి అంచు చదరపు మిల్లీమీటరుకు 125 న్యూటన్ల లాగుడులో ఉండును. తేడాను 0.10కి పెంచినచో అది 250 అగును. మామూలు మెత్తని ఉక్కు శాశ్వతముగా సాగిపోవుట మొదలిడునది సుమారు అచ్చోటనే. శాశ్వతముగా సాగిపోయినంతమేర ఉక్కు వెనుకకు లాగదు. గట్టిదనము కొఱకు పెంచిన తేడాకు తగినంతగా పట్టు పెరుగదు. పోత ఇనుమైనచో పగులును. అందుచేతనే ఈ పనిలో సుత్తి పట్టువానికంటె మైక్రోమీటరు పట్టువానికి ఎక్కువ విలువ. షాఫ్టును ఎండలోను, ఉంగరమును నీడలోను ఉంచి కొలిచినచో కొలత చెడును. రెండును ఒకే వేడిలో నిలిచిన తరువాతనే కొలువవలెను.

ఎక్కించు పనివానికి దొరకు వ్యవధి కొన్ని క్షణములే. వేడి ఉంగరము తగిలిన వెంటనే షాఫ్టు వేడెక్కి ఉబ్బును, ఉంగరము చల్లారి ముడుచుకొనును. సగము దారిలో పట్టుకొన్నదా, ఇక ముందుకు పోదు, వెనుకకు రాదు. కనుక ఎంతవరకు పోవలెనో అచ్చోట ముందుగనే అడ్డు పెట్టుదురు. చల్లారునపుడు వెడల్పులో కూడ ముడుచుకొనును గనుక, పట్టు చిక్కువరకు దానిని ఆ అడ్డునకు ఒత్తి ఉంచవలెను. బాల్ బేరింగులను ఇట్లే వేడిచేసి ఎక్కింతురు కాని, వానిని సుమారు 120 డిగ్రీలు దాటనీయరు. దాటినచో గట్టిపరచిన ఉక్కు మెత్తబడవచ్చును. దీపపు మంట తగిలించుట అసలే తగదు. నూనె తొట్టియో, విద్యుత్ప్రేరణముతో పనిచేయు హీటరో వాడుదురు. ఉంగరమును కాల్చుటకు వీలులేనిచోట షాఫ్టునే చల్లబరుతురు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రొజనులో ముంచినచో 50 మిల్లీమీటర్ల షాఫ్టు సుమారు 0.1 మిల్లీమీటరు సన్నబడును.

రైలు చక్రములను సాధారణముగా వేడిచేయకయే, చల్లని స్థితిలో హైడ్రాలిక్ ప్రెస్సుతో ఇరుసుపైకి నెట్టుదురు. కావలసిన బలము పదుల టన్నులు. నాగోల్ మెట్రో దారిలోనే మెట్టుగూడకు సమీపమున, లాలాగూడలో నిజాము కాలమునుండి నడచుచున్న రైల్వే పెట్టెల కర్మాగారము కలదు. ఇట్టి కర్మాగారములలో ప్రెస్సు పని చేయునపుడు, చక్రము ఎంత దూరము పోయినదో, ఎంత బలము పట్టినదో ఒక గీతగా నమోదగును. చక్రము లోనికి పోయినకొలది ఒరయు తలము పెరుగును గనుక గీత క్రమముగా పైకి పోవలెను. నడుమ గీత పడిపోయినచో లోపల గీరుకొన్నదనియో, కొలత తప్పినదనియో అర్థము. అట్టి చక్రమును తీసివేయుదురు. చక్రము ఇరుసుపై ఎక్కిన తరువాత ఆ పట్టును ఎవరును కంటితో చూడలేరు. ఈ గీతయే దానికి సాక్ష్యము. రెండు చక్రముల నడుమ దూరము ఏ మాత్రము మారినను పట్టాలు తప్పు ప్రమాదమున్నది. మెట్రో పట్టాల నడుమ ఎడము 1,435 మిల్లీమీటర్లు, ప్రక్కనున్న రైల్వేవారి బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు. కొలత వేరైనను నియమము ఒక్కటే.

గట్టిగా పట్టిన ఉంగరము ఇరుసునకు ఒక కీడును చేయును. ఉంగరము ఉన్నంతమేర ఇరుసు లావైనదానివలె ప్రవర్తించి, ఉంగరపు అంచు వద్ద హఠాత్తుగా సన్నబడినట్లగును. వంగుడు ప్రతిబలము అచ్చోట గుమిగూడును. చక్రము తిరిగిన ప్రతిసారియు ఇరుసుపై ప్రతి చోటును ఒకసారి సాగును, ఒకసారి నొక్కబడును. 1842 మే 8వ తేదీన ఫ్రాన్సులో వెర్సాయినుండి పారిసుకు పోవుచున్న రైలు ఇంజను ఇరుసు విరిగి, యాభైమందికి పైగా మరణించిరి. ఆ దశాబ్దముననే స్కాట్లండు ఇంజనీరు రాంకిన్, విరిగిన ఇరుసులను పరిశీలించి, అవి ఒక్కమారుగా విరుగుట లేదనియు, లావు మారు మూలలవద్ద పగులు మెల్లమెల్లగా లోనికి ప్రాకుచున్నదనియు చూపెను. తరువాత జర్మనీలో వోలర్ తిరుగు ఇరుసులపై పెక్కేండ్లు పరీక్షలు జరిపి, లోహపు అలసటను లెక్కకు తెచ్చెను. నేడు ఇరుసుపై చక్రము కూర్చుండు భాగమును తక్కిన భాగముకంటె కొంచెము లావుగా ఉంచి, మూలను గుండ్రముగా వంచి తరుగుదురు. మరమ్మతునకు వచ్చిన ఇరుసులలో ఆ అంచు వద్ద పగులున్నదేమోయని శ్రవణాతీత ధ్వనితో వెదకుదురు.

అంచు వద్ద మరియొక గుర్తు కనబడవచ్చును. అది ఎఱ్ఱని సన్నపు పొడి. ఉంగరమును షాఫ్టును కంటికి తెలియనంత స్వల్పముగా ఒకదానిపై ఒకటి ఒరసికొనుచున్నపుడు రాలిన ఇనుపరజము గాలి తగిలి తుప్పుగా మారి ఇట్లు బయటపడును. వర్క్‌షాపులలో ఉంగరము మీదుగా షాఫ్టు మీదికి ఒక రంగుగీత గీచి ఉంచెడి వాడుకయు కలదు. గీత రెండుగా విడినచో ఉంగరము జారినదని తెలియును. అపుడు యంత్రమును నిలిపి, ఉంగరమును ఊడదీసి, రెండింటిని తిరిగి కొలువవలెను.