హామ్‌స్టర్ వాసన ఏం చెబుతుంది?

పిల్లలూ! మీలో కొందరి ఇళ్ళలో హామ్‌స్టర్ ఉండే ఉంటుంది. లేకపోతే ఏ స్నేహితుడి ఇంట్లోనో చూసి, "మనమూ ఒకటి తెచ్చుకుందాం" అని అమ్మనూ నాన్ననూ వేధిస్తూ ఉండి ఉంటారు. గుప్పిట్లో ఇమిడే ఆ బొద్దు జంతువును చూసి ముచ్చటపడనివారు అరుదు. కాని తెచ్చిన నెల తిరగకుండానే చాలా ఇళ్ళలో ఒక మాట వినబడుతుంది: "అబ్బ, ఏమిటీ కంపు! దీన్ని ఎవరికైనా ఇచ్చెయ్యండి!"

ఇందులో హామ్‌స్టర్ తప్పు చాలా తక్కువ. అది పిల్లిలాగే మాటిమాటికీ ఒళ్ళు నాక్కుని, గోళ్ళతో దువ్వుకుని శుభ్రం చేసుకునే జంతువు. ఆరోగ్యంగా ఉన్న హామ్‌స్టర్ ఒంటి నుంచి మనకు వాసన చాలా తక్కువగా వస్తుంది. మరి ఆ కంపు ఎక్కడిది? అది తెలియాలంటే ముందు ఈ జంతువు సొంత ఇల్లు ఎలా ఉంటుందో తెలుసుకోవాలి.

మనం పెంచుకునే వాటిలో పెద్దది బంగారు హామ్‌స్టర్. దీని పుట్టిల్లు సిరియా దేశంలోని అలెప్పో నగరం చుట్టుపక్కల పొలాలు. 1839లో వాటర్‌హౌస్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దీన్ని గురించి మొదటిసారి రాశాడు. 1930లో జెరూసలేము విశ్వవిద్యాలయానికి చెందిన ఆహరోనీ అనే శాస్త్రజ్ఞుడు అలెప్పో దగ్గర ఒక పొలంలో బొరియ తవ్వించి, ఒక తల్లినీ దాని పిల్లలనూ పట్టుకున్నాడు. ఈనాడు ప్రపంచమంతటా ఇళ్ళలో పెరుగుతున్న బంగారు హామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ ఒక్క కుటుంబపు సంతానమే!

1997లోను, 1999లోను శాస్త్రజ్ఞులు మళ్ళీ ఆ పొలాలకు వెళ్ళి 30 బొరియలను కొలిచి చూశారు. అవి ఒక అడుగు నుంచి మూడున్నర అడుగుల లోతు వరకు ఉన్నాయి. నిట్టనిలువుగా దిగే ఒక దారి, పడుకునేందుకు ఒక గది, గింజలు దాచుకునేందుకు ఒక చోటు, వీటితోపాటు మూత్రానికి విడిగా ఒక మూసుకుపోయిన సొరంగం! మన ఇళ్ళలో వంటిల్లు, పడకగది, మరుగుదొడ్డి వేరువేరుగా ఉన్నట్టే అన్నమాట. పైగా ఒక్కో బొరియలో ఒక్క పెద్ద హామ్‌స్టర్ మాత్రమే ఉంటుంది.

ఇప్పుడు మన పంజరం సంగతి చూడండి. జానెడు వెడల్పు, గుప్పెడు పొట్టు. అందులోనే తిండి, నిద్ర, మూత్రం! అయినా హామ్‌స్టర్ తన అలవాటు మానదు. ఏదో ఒక మూలను ఎంచుకుని అక్కడికే వెళుతుంది. పంజరం ఇరుకైతే ఆ మూల పడకకు రెండంగుళాల దూరంలో ఉంటుంది.

మూత్రం పోసిన వెంటనే పెద్దగా వాసన వేయదు. అందులో యూరియా అనే పదార్థం ఉన్నది. తడి పొట్టులో చేరిన సూక్ష్మజీవులు ఆ యూరియాను విడగొట్టి అమోనియా అనే వాయువుగా మారుస్తాయి. ముక్కును పొడిచినట్టుండే ఘాటు దానిదే. శుభ్రం చేయని పశువుల కొట్టంలోకి పొద్దున్నే వెళ్ళినవారికి ఆ ఘాటు తెలుసు. వేడి, తేమ ఎక్కువైతే సూక్ష్మజీవుల పని జోరందుకుంటుంది. అందుకే వానాకాలంలోను, ఎండాకాలం కూలరు గాలి తగిలే చోట్లలోను పంజరం త్వరగా కంపు కొడుతుంది.

ఈ అమోనియా గుణం తెలుసుకునేందుకు ఒక చిన్న ప్రయోగం చేయండి. చిటికెడు పసుపును నీళ్ళలో కలిపి తెల్లకాగితానికి పూసి ఆరబెట్టండి. దానిమీద ఒక చుక్క సబ్బునీళ్ళు వేస్తే అక్కడ ఎర్రబడుతుంది. హారతికి పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు అవుతాయి కదా, ఇదీ అటువంటిదే. సబ్బునీళ్ళు, సున్నం క్షారాలు. అమోనియా కూడా నీటిలో కరిగితే క్షారమే. ఇప్పుడు ఆ ఎర్రని మచ్చమీద రెండు చుక్కలు వెనిగర్ గాని నిమ్మరసం గాని వేయండి. మళ్ళీ పసుపు రంగు వచ్చేస్తుంది! ఆమ్లం క్షారాన్ని విరిచేసిందన్నమాట. మూత్రం పడిన మూలను వెనిగర్ కలిపిన నీళ్ళతో కడగమని చెప్పేది ఇందుకే.

అమోనియా మనకు చికాకు కలిగిస్తే, హామ్‌స్టర్‌కు హాని చేస్తుంది. మన ముక్కు పంజరానికి ఎక్కడో పైన ఉంటుంది. దాని ముక్కు మాత్రం రాత్రింబవళ్ళు ఆ తడి పొట్టులోనే ఉంటుంది. ఆ వాయువు కళ్ళను మండిస్తుంది, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఒకే గదిలో కూర్చున్నవారి ముక్కు కాసేపటికి ఆ వాసనకు అలవాటుపడిపోయి, ఏమీ లేనట్టే తోస్తుంది. కనక మీరు బడి నుంచి ఇంటికి రాగానే, పుస్తకాల సంచీ దించకముందే, పంజరం దగ్గరకు వెళ్ళి వాసన చూడండి. నిజం అప్పుడే తెలుస్తుంది.

ఘాటుగా కాక కుళ్ళు వాసన వస్తే దొంగ వేరే ఉన్నాడు. హామ్‌స్టర్‌కు బుగ్గల్లో సంచులుంటాయి. కోతి దవడలో శనగలు కుక్కుకున్నట్టు ఇది తిండి కుక్కుకుని పడకలో దాచుకుంటుంది. మన వరిచేల గట్లలో ఎలుకలు వెన్నులు దాచుకుంటాయే, అలాగే! ఎండుగింజలు దాచుకుంటే చిక్కులేదు. దోసకాయ ముక్క, ఆకుకూర, ఉడికిన గుడ్డు వంటివి దాచితే ఒకటి రెండు రోజులలో కుళ్ళిపోతాయి. అటువంటివి కొంచెమే పెట్టి, మిగిలినదాన్ని మర్నాడు పొద్దున వెతికి తీసేయాలి. ఎండుగింజలను మాత్రం తీయకండి. కూడబెట్టినదంతా పోతే దానికి బెంగ.

ఇక ఒంటి వాసన. బంగారు హామ్‌స్టర్‌కు రెండు పక్కలా, తుంటి దగ్గర నల్లమచ్చల వంటి గ్రంథులుంటాయి. మరుగుజ్జు జాతులకు ఈ గ్రంథి పొట్టమీద ఉంటుంది. చూపు మందమైన ఈ జంతువు, "ఇది నా ఇల్లు" అని వాసనతోనే గుర్తు పెట్టుకుంటుంది. ఆడవాటికి నాలుగు రోజులకొకసారి ఒంటి వాసన కాస్త ఎక్కువై మళ్ళీ తగ్గుతుంది. ఇది జబ్బు కాదు.

వాసన పోతుందని హామ్‌స్టర్‌కు నీళ్ళు పోయకండి! నీరు తగిలితే బొచ్చులోని నూనె పోతుంది, జంతువు చలికి వణికి, బెదిరి, జబ్బుపడుతుంది. దానికి తెలిసిన స్నానం ఇసుక స్నానం. దుమ్ము లేని సన్నని పొడి ఇసుకను వెడల్పాటి గిన్నెలో పెడితే అందులో పొర్లి జిడ్డు వదిలించుకుంటుంది. చాలా హామ్‌స్టర్లు ఆ గిన్నెనే మరుగుదొడ్డిగా కూడా వాడుకుంటాయి. అప్పుడు మీ పని మరీ తేలిక. తడిసిన ఇసుకను రోజూ చెంచాతో తీసేస్తే చాలు.

మరికొన్ని పనులు కూడా చేయకూడదు. పంజరం దగ్గర కలరా ఉండలు పెట్టకూడదు, అవి విషం. అత్తరు, పౌడరు చల్లకూడదు. అగరువత్తి పొగ తగలనీయకూడదు. దేవదారు, పైను చెక్కల పొట్టు సువాసనగా ఉంటుంది గాని, ఆ వాసన ఇచ్చే నూనెలే దాని ఊపిరితిత్తులకు పడవు. అచ్చు లేని కాగితపు ముక్కలు మంచి పరుపు.

పంజరం కనీసం 40 అంగుళాల పొడవు, 20 అంగుళాల వెడల్పు ఉండాలి. పరుపు 8 అంగుళాల లోతుకు తగ్గకూడదు. చోటు ఎక్కువైతే తడి ఒకచోటే నిలుస్తుంది, మిగతాది పొడిగా ఉంటుంది. రోజూ పొద్దున తడిసిన గుప్పెడు పరుపును తీసి కొత్తది వేయండి. నీళ్ళ సీసా కారుతున్నదేమో చూడండి. వారానికొకసారి ఆ మూలనూ, తిరిగే చక్రాన్నీ కడగండి. పరుగెత్తుతూ చక్రంలోనే మూత్రం పోసే హామ్‌స్టర్లు చాలా ఉన్నాయి! వెనిగర్‌కు సమంగా నీళ్ళు కలిపి తుడిచి, మంచినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టండి.

అయితే అతిశుభ్రం కూడా పనికిరాదు. ఉత్సాహంకొద్దీ పరుపంతా ఒకేసారి పారేసి పంజరం కడిగేస్తే హామ్‌స్టర్‌కు తన ఇల్లు తనకే తెలియదు. బెదిరిపోయి, మళ్ళీ అన్నిచోట్లా గుర్తులు పెట్టడం మొదలుపెడుతుంది. పరుపు మార్చేటప్పుడు మూడోవంతు తీసి, పొడిగా ఉన్న పాతది మిగల్చండి. పడకను వీలైనంతవరకు కదపకండి.

ఇంతవరకు చెప్పినవి శుభ్రంతో పోయే వాసనలు. శుభ్రం చేసినా పోని దుర్వాసన జబ్బు గుర్తు. నోటి నుంచి కంపు వస్తే పళ్ళు పెరిగిపోయాయో, బుగ్గసంచిలో తిండి ఇరుక్కుని కుళ్ళిందో చూపించాలి. మరుగుజ్జు హామ్‌స్టర్ అదేపనిగా నీళ్ళు తాగుతూ, మూత్రం తియ్యని వాసన వేస్తే మధుమేహం కావచ్చు. ఆడ హామ్‌స్టర్‌కు చీము, నెత్తురు కారుతూ వాసన వస్తే గర్భసంచి చెడిందేమో అని అనుమానించాలి.

అన్నిటికన్నా భయపడవలసింది "తడితోక" జబ్బు. 3 నుంచి 10 వారాల వయసున్న పిల్లలకు, ముఖ్యంగా తల్లిని విడిచి దుకాణం నుంచి కొత్త ఇంటికి వచ్చినవాటికి, ఇది ఎక్కువగా వస్తుంది. నీళ్ళ విరేచనాలై తోక, వెనకభాగం తడిసి భరించలేని కంపు కొడుతుంది. జంతువు ముడుచుకుని కూర్చుంటుంది, తిండి ముట్టదు. రెండు మూడు రోజులలోనే ప్రాణం పోవచ్చు. "రేపు చూద్దాంలే" అనకుండా ఆ పూటే పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళాలి.

పెద్దలకు ఒక మాట. ఇంట్లో ఉన్న మందుబిళ్ళను చిదిపి హామ్‌స్టర్‌కు పెట్టకండి. మనకు మేలు చేసే పెన్సిలిన్, అమాక్సిసిలిన్ వంటి మందులు దాని పేగులలోని మంచి సూక్ష్మజీవులను చంపి ప్రాణమే తీయగలవు. పంజరం ముట్టుకున్న ప్రతిసారీ పిల్లలచేత సబ్బుతో చేతులు కడిగించండి. "కంపు" అని జంతువును పొలంలో వదిలేస్తే అది బతకదు.

పిల్లలూ! ఒక వారంపాటు చిన్న నోటుపుస్తకంలో రాసి చూడండి: ఈ రోజు వాసన ఎలాంటిది, ఏ మూల నుంచి వచ్చింది, ఏం తీస్తే తగ్గింది? వారం గడిచేసరికి మీ హామ్‌స్టర్ మరుగుదొడ్డి ఎక్కడో, కొట్టుగది ఎక్కడో మీకు తెలిసిపోతుంది. ఎప్పుడైనా కొత్త వాసన వస్తే, ఇంట్లో అందరికన్నా ముందు పట్టుకునేది మీరే.