వెంట్రుకలతో కట్టిన చేపపిల్ల

పల్నాడు జిల్లా ధరణికోటలో 1962-64 తవ్వకాల్లో పాత పడవల రేవు, దాన్ని కృష్ణతో కలిపే కాలువ బయటపడ్డాయి. శాతవాహనుల ధాన్యకటకం ఇదే. వాళ్ల ఏలుబడి చివరి రోజుల్లోనే, క్రీ.శ. 200 ప్రాంతంలో, రోములో ఏలియన్ అనే రచయిత ఒక వింత రాసిపెట్టాడు. మాసిడోనియాలో కొందరు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, మైనం రంగు కోడి ఈకలు రెండు కడతారట. నీటి మీద వాలిన ఈగ అనుకుని చేప దాన్ని అందుకుంటుంది.

గాలం వయసు ఇంకా ఎక్కువ. జపాన్‌లోని ఒకినావా గుహలో దొరికిన నత్తగుల్ల గాలాలు సుమారు 23,000 ఏళ్లనాటివి. ముల్లు వంపు అప్పటిదే. మనిషి తెలివంతా ఎర మీదికి మళ్లింది.

ఈగ బొమ్మ అన్ని రుతువుల్లోనూ పనిచెయ్యదు. చలిదేశాల ఏరుల్లో వసంతం మొదట్లో నీళ్లింకా జిల్లుమంటుంటాయి, పురుగులు పలచన. అప్పుడు పెద్ద ట్రౌట్ చేప చిన్నచేపల మీద పడుతుంది. అందుకే చేపపిల్ల బొమ్మలు పుట్టాయి. 1930లలో కెనడాలోని నిపిగాన్ నది దగ్గర డాన్ గేపెన్ జింక వెంట్రుకలతో ‘మడ్లర్ మిన్నో’ కట్టాడు. 1980లలో అమెరికాలో సస్క్వెహన్నా నది మీద బాస్ చేపల కోసం బాబ్ క్లౌజర్ మరో కట్టు కట్టాడు. ట్రౌట్‌కీ అది పనికొచ్చింది.

క్లౌజర్ కిటుకు కళ్లలో ఉంది. గాలం కాడ మీద డంబెల్ ఆకారపు సీసపు కళ్లు బిగించాడు. ఆ బరువుకు గాలం తిరగబడి ముల్లు పైకి లేస్తుంది, అడుగున రాళ్లకు అంతగా తగులుకోదు. దారం లాగితే బొమ్మ ముందుకు దూకుతుంది. వదిలితే ముక్కు కిందికి వేసి మునుగుతుంది. దెబ్బతిన్న చేపపిల్ల ఈత అలాగే ఉంటుంది. ముదురు వీపు, తెల్లపొట్ట, నడుమ నాలుగు మెరుపు పోగులు కడితే చాలు. పొలుసులు, రెక్కలు అక్కర్లేదు: వేటచేప కదలికను, కంటిని, వెలుగునీడలను చూసి క్షణంలో దూకుతుంది. నీటి అదురును ఒంటి పక్కనుండే గీతతో పసిగడుతుంది.

ధరణికోట దగ్గర ట్రౌట్ బతకదు. దానికి చన్నీళ్లు కావాలి. మన దేశంలో దాన్ని కాశ్మీర్, నీలగిరి ఏరుల్లో పెంచారు. ఇటువైపు పొంచి వేటాడే చేప కొర్రమీను. నాచులో దాగే దానికి ముల్లు పైకుండే కట్టే నయం. చిన్నచేప నమూనాకు పరిగె ఉంది: వెండి ఒళ్లు, కొన్ని రకాలకు తోక మొదట్లో నల్లచుక్క. తెల్ల మేకవెంట్రుకల మీద బూడిదరంగువి కట్టి, తోకవైపు నల్లమార్కరుతో ఒక చుక్క పెడితే పరిగె సిద్ధం.