కాటాకు ఎక్కని సరుకు: పొలం విలువ కట్టించడంలో వర్తకులు చూడవలసిన సంగతులు

సంక్రాంతి దాటి గుంటూరు యార్డుకు మిర్చి రాక పెరిగే రోజులు వచ్చేసరికి వర్తకునికి మొదట కావలసింది రొక్కం. రైతులకు సొమ్ము చెల్లించాలి, కొన్న టిక్కీలను కోల్డ్ స్టోరేజిలో వేయాలి, దూర మార్కెట్లకు పంపిన సరుకు తాలూకు డబ్బు తిరిగి వచ్చేదాకా నెట్టుకు రావాలి. అటువంటి సమయంలో చాలామంది పెద్దలనాటి పొలం దస్తావేజులు బయటకు తీసి, క్యాష్ క్రెడిట్ పరిమితి పెంచమని బ్యాంకుకు వెళతారు. ఊళ్ళో ఎకరానికి చెప్పుకునే ధర బ్యాంకు కాగితం మీదకు రాదన్న సంగతి వారికి అక్కడ తెలుస్తుంది.

దీనికి తిరగేసిన వ్యవహారం కొట్లలో జరుగుతూ ఉంటుంది. ఖాతాలో ఏళ్ళ తరబడి పేరుకున్న బాకీ కింద రైతు రెండెకరాలు రాసి ఇస్తానంటాడు. ఎకరం 30 లక్షలు పలుకుతోందని మధ్యవర్తి చెబుతాడు. వర్తకుడు ఆ ధరకు జమ కట్టి ఖాతా కొట్టివేస్తాడు. మరుసటి ఏడు అమ్మబోతే ఆ ధరకు అడిగేవాడు కనిపించడు. మచ్చు చూసి, తేమ చూసి, తాలుకాయ ఏరి, కాటా వేసిన తరువాత గాని మిర్చికి పైకం ఇవ్వని వర్తకుడు పొలం దగ్గర మాత్రం నోటిమాట మీద లక్షలు జమ కట్టడం చిత్రమైన సంగతే.

ఒకే పొలానికి మూడు ధరలు

ఏ పొలానికైనా మూడు ధరలు వినిపిస్తాయి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం పుస్తకంలో ఉండేది ఒకటి. దస్తావేజులో రాసేది మరొకటి. నిజంగా చేతులు మారేది మూడవది. మొదటిది స్టాంపు సుంకం వసూలు కోసం ఏర్పడినది. దానినే పొలం అసలు విలువగా భావించడం పొరపాటు. ఆదిలాబాద్ రెవెన్యూ డివిజనల్ అధికారి కక్షిగా ఉన్న జవాజీ నాగనాథం కేసులో 1994లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. స్టాంపు సుంకం కోసం ఉంచిన విలువల రిజిస్టరు భూసేకరణ పరిహారానికి ఆధారం కాజాలదని చెప్పింది. తరువాత వచ్చిన 2013 భూసేకరణ చట్టం ఆ పుస్తకం విలువను కూడ లెక్కలోకి తెచ్చింది. అయితే అది ఒక కొలత మాత్రమే. సమీపంలోని అటువంటి భూములకు గత మూడేళ్ళలో జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజులను తీసుకొని, వాటి సగటు కట్టి, ఏది ఎక్కువైతే దానిని చూడమని చట్టం చెబుతున్నది.

అసలు మార్కెట్ విలువ అంటే ఏమిటన్న ప్రశ్నకు ఆంధ్రదేశంలోనే పుట్టిన తగాదా ఒకటి ఇప్పటికీ ప్రమాణంగా నిలిచి ఉన్నది. విశాఖ ఓడరేవు అవసరాల కోసం తీసుకున్న భూమి విషయమై రాజా వైరిచర్ల నారాయణ గజపతిరాజు లండన్ లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళారు. ఆ భూమిలో మంచినీటి ఊట ఉండేది. 1939లో వచ్చిన తీర్పు సారాంశం ఇది: అమ్మడానికి ఇష్టపడిన వానికి, కొనడానికి ఇష్టపడిన వానికి మధ్య కుదిరే ధరే విలువ. అమ్మేవాని అయిష్టతను గాని, కొనేవాని తొందరను గాని లెక్కలో వేయరాదు. భూమి మునుముందు పనికి వచ్చే తీరుకు కూడ వెల ఉంటుంది. కొనగలిగినవాడు ఒక్కడే అయినా ఆ వెలను తీసివేయరాదు.

పొలం గట్టు మీద జరిగే పని

మంచి వాల్యుయర్ ముందు చుట్టుపక్కల రిజిస్టరయిన దస్తావేజుల నకళ్ళు తీస్తాడు. తరువాత పొలానికి వెళ్ళి తేడాలు కడతాడు. డొంక మీద ఉన్న పొలం, లోపలి పొలం ఒక ధర పలకవు. కాలువ తూముకు దగ్గరి మాగాణికి, నీరు అందీ అందని శివారు భూమికి పోలిక లేదు. నల్లరేగడి, చౌడు ఒకే సర్వే నంబరులో పక్కపక్కన ఉండవచ్చు. పది సెంట్ల ముక్క అమ్ముడైన రేటుతో పదెకరాల కమతానికి విలువ కట్టరాదు. పెద్ద కమతానికి కొనుగోలుదారులు తక్కువ, కనుక తగ్గింపు తప్పదు. కొలతలో కూడ జాగ్రత్త అవసరం. ఎకరం అంటే కోస్తాలో 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. ఎటు చూసినా 4,840 చదరపు గజాలే. దస్తావేజు విస్తీర్ణానికి, సర్వే కొలతకు తేడా వస్తే విలువ కట్టవలసింది సర్వే కొలతకే.

ఏ తేదీ నాటి విలువ అన్నది ఇంకొక ముఖ్య విషయం. 2014లో రాజధాని ప్రకటనతో అమరావతి చుట్టుపక్కల గ్రామాల్లో ధరలు ఒక్కసారి లేచాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన రాగానే కిందకు దిగాయి. మట్టి అదే, నీరు అదే, మారింది ఆశ ఒక్కటే. తేదీ వేయని మదింపు కాగితం నిన్నటి బజారు రేట్ల పట్టీ వంటిదే.

కౌలు చెప్పే లెక్క

వాల్యుయర్లు చూసే రెండవ కొలత రాబడి. లెక్క కోసం ఒక మాగాణి ఎకరానికి కౌలు ఏటా 24 బస్తాల ధాన్యం అనుకుందాం. బస్తా 75 కిలోల వంతున 18 క్వింటాళ్ళు. క్వింటాలు 2,000 రూపాయలు అనుకుంటే 36,000 రూపాయలు. భూసేకరణ తగాదాల్లో కోర్టులు సాగుభూమి నికర రాబడిని 10 రెట్లకు అటూ ఇటూగా హెచ్చవేస్తూ వచ్చాయి. ఆ లెక్కన ఎకరం 3 లక్షల 60 వేలు. ఊళ్ళో చెప్పే ధర 30 లక్షలైతే కౌలు మీద వచ్చేది నూటికి 1 రూపాయి 20 పైసలు. బజారులో నూటికి రెండు రూపాయల నెలవడ్డీకి తెచ్చిన సొమ్ముతో అటువంటి పొలం కొన్నవానికి మొత్తం ఏడాది కౌలు ఒక నెల వడ్డీకి కూడ చాలదు.

30 లక్షల ధర అబద్ధమని దీని అర్థం కాదు. అందులో పంట విలువ ఎంత, రోడ్డు కోసం, ప్లాట్ల కోసం పెట్టుకున్న ఆశ ఎంత అన్నది విడదీసి చూపుతుంది. ఆశ తాలూకు భాగం మీద అప్పు ఇచ్చేవాడు, తీసుకునేవాడు ఇద్దరూ అది ఎప్పుడైనా కరగవచ్చునని గుర్తుంచుకోవాలి.

ధరను తినివేసే కాగితాలు

పట్టాదారు పాసు పుస్తకం, అడంగల్ లేక పహాణీ, లింకు దస్తావేజులు, ఇ.సి. చూడకుండా కట్టిన విలువకు అర్థం లేదు. జిరాయితీ పొలం పక్కనే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి ఉండవచ్చు. దాని బదిలీపై 1977 చట్టం నిషేధం పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2023లో కొంత సడలించినా షరతులు ఉన్నాయి. ఏజెన్సీ ప్రాంతంలో 1970 నాటి సవరణ తరువాత గిరిజనేతరుల పేరిట బదిలీ చెల్లదు. తెలంగాణలో రక్షిత కౌలుదారు హక్కు పాత రికార్డులో దాగి ఉండవచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉంటే గజం కూడ అమ్మడం సాధ్యం కాదు. ఇటువంటి లోపం ఒక్కటి ఉన్నా లక్షల పొలం తనఖాకు సున్నా.

లోపం లేని పొలానికి కూడ బ్యాంకులు కోత వేయడానికి వేరే కారణం ఉన్నది. బాకీదారు ఆస్తిని కోర్టుకు వెళ్ళకుండా స్వాధీనం చేసుకునే అధికారం ఇచ్చిన 2002 సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. బాకీ పడితే బ్యాంకు సివిల్ కోర్టుకో, ట్రిబ్యునల్ కో వెళ్ళి కాలం గడపాలి. ఆ కాలం ఖరీదే కోత. రికార్డులో వ్యవసాయమని ఉన్నంత మాత్రాన చాలదని, భూమి నిజంగా ఎలా వాడుకలో ఉన్నదో చూడాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుచేత మదింపు కాగితంలో పైరు, బోరు, గట్టు, ఎవరి సాగులో ఉన్నదీ తేదీతో రాయించుకోవడం ఉభయులకూ మంచిది.

ఎవరిచేత కట్టించాలి

భవనాలకు విలువ కట్టే ఇంజనీరుకు పొలం సంగతి తెలిసి ఉండాలని లేదు. సంపద పన్ను నియమాలు సాగుభూమి వాల్యుయర్ కు వేరే అర్హత పెట్టాయి. వ్యవసాయ శాస్త్రంలో పట్టా, అయిదేళ్ళ పొలాల మదింపు అనుభవం ఉండాలి. లేదా డిప్యూటీ కలెక్టరు, వ్యవసాయాధికారి, రిజిస్ట్రారు వంటి ఉద్యోగంలో అయిదేళ్ళు చేసి విరమించి ఉండాలి. ఆ పన్ను 2015 బడ్జెట్ తో రద్దయినా ఎంపికకు ఆ కొలమానం ఇప్పటికీ పనికి వస్తుంది. కంపెనీల చట్టం కింద 2017లో వచ్చిన నియమావళి, వాల్యుయర్ ఫలితాన్ని బట్టి ఫీజు పుచ్చుకోరాదని చెబుతున్నది. అప్పు మంజూరైతే ఇంత అని బేరం పెట్టేవాని అంకెను ఎవరూ నమ్మనవసరం లేదు.

చివరకు విలువ నిలిచేది సాక్ష్యం మీద. స్టాంపు సుంకం ఆదా కోసం దస్తావేజులో తక్కువ రాసిన ప్రతి కొనుగోలుదారు తన పొలానికే గాక గట్టు పక్క పొలాలకు కూడ ధర తగ్గిస్తున్నాడు. రేపు బ్యాంకు వాల్యుయర్, భూసేకరణ అధికారి తీసేవి ఆ నకళ్ళనే. నల్ల ఖాతాలో ఇచ్చిన సొమ్ముకు అక్కడ సాక్ష్యం ఉండదు. ఖాతా బాకీ కింద పొలం పుచ్చుకునే వర్తకుడు జమ కట్టే ముందు కొద్దిపాటి ఫీజు ఇచ్చి మదింపు చేయించుకోవడం మేలు. ఆ కాగితం ఊళ్ళో ధర కన్నా తక్కువ చూపితే అది నష్టం కాదు. జమ కట్టకముందే తెలిసింది కనుక అంతమేరకు లాభమే.